ఇరుపక్షములు వరించిన తీర్పరి

వ్యాపారస్థులు తమలో తాము వ్రాసికొను ఒప్పందపత్రములందు ధర యెంత, సరకు ఏనాటికి చేరవలెను, పైకము ఎన్ని వాయిదాలలో ముట్టవలెను అను విషయములను ఇరుపక్షములవారును కన్నులలో వత్తులు వేసికొని పరిశీలింతురు గాని, కడపటి పుటలో సంతకములకు కొంచెము పైగా ముద్రితమై యుండు నాలుగు పంక్తులను మాత్రము చదువక విడిచిపెట్టుదురు. ఈ ఒప్పందమునుబట్టి యేదైన వివాదము పుట్టినచో దానిని ఎవరు, ఏ యూరిలో, ఏ విధముగా పరిష్కరింపవలెనో చెప్పెడి పంక్తులవి. స్నేహము పొంగిపొరలుచున్న వేళ తగవుల ప్రస్తావన తెచ్చుట పెండ్లిపీటలమీద విడాకుల మాట యెత్తుటవలె అమంగళముగా తోచుటచేత గాబోలు, పాతపత్రమునందలి పంక్తులనే క్రొత్తపత్రమునందును ఎత్తి వ్రాయించి చేతులు దులుపుకొనుట మనవారికి పరిపాటియైనది. మూడేండ్లకో నాలుగేండ్లకో స్నేహము చెడి, మాటామాటా పెరిగి, ఒకరి వకీలు మరియొకరికి నోటీసు పంపిననాడు ఆ పత్రమంతటిలోను ప్రాణముతో మిగిలియుండునవి ఆ నాలుగు పంక్తులే. మిగిలిన ఒప్పందమంతయు చెల్లదని తేలినను ఆ షరతు విడిగా బ్రదికియే యుండునని 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టములోని 16వ విభాగము స్పష్టముగా చెప్పుచున్నది.

న్యాయస్థానముల వెలుపల వ్యాపారవివాదములను తీర్చుకొను మార్గములు ప్రధానముగా రెండు. మొదటిదానియందు ఇరుపక్షములవారును కలసి ఒక తీర్పరినో ముగ్గురు తీర్పరులనో ఎన్నుకొని, వారు విని విచారించి చెప్పిన తీర్పునకు కట్టుబడియుందుమని ముందుగానే మాట యిత్తురు. దీనిని ఆర్బిట్రేషన్ అందురు. రెండవదానియందు మధ్యనుండువానికి తీర్పు చెప్పు అధికారమేమియు నుండదు, అతడు ఇటునటు మాటలు మోసి, ముడులు విప్పి, రాజీకి దారితీయును గాని, ఒడంబడుటయు మానుటయు కక్షిదారుల యిష్టమే, ఇది మీడియేషన్. మొదటిదానియందలి తీర్పు ఓడినవానికి ఇష్టము లేకున్నను అమలుజరుగును. రెండవదానియందలి రాజీ యిరువురకును ఇష్టమైనగాని పుట్టనే పుట్టదు. రెంటికిని మూలమైనది మాత్రమొక్కటే: న్యాయస్థానమున న్యాయాధిపతిని ప్రభుత్వము నియమించును, ఇచ్చట మధ్యనుండువానిని కక్షిదారులే వరింతురు. ఈ పద్ధతియందలి మేలంతయు ఆ వరణమునుండియే వచ్చినది. కీడంతయు ఆ వరణము బూటకమైనచోట పుట్టుచున్నది.

ఇది పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య కాదు. యాజ్ఞవల్క్యస్మృతి తన వ్యవహారాధ్యాయమున రాజు నియమించిన అధికారులు, పూగములు, శ్రేణులు, కులములు అని నాలుగు విధములైన వివాదపరిష్కర్తలను పేర్కొని, వీరిలో ముందు చెప్పబడినవారు తరువాతివారికంటె ప్రబలులని నిర్ణయించినది. పూగమనగా ఒకచోట నివసించు భిన్నవృత్తులవారి సమూహము, శ్రేణి యనగా ఒకే వృత్తిచే జీవించువారి సంఘము, కులమనగా బంధుజనము. బంధువుల తగవు బంధువులయెదుటను, నేతగాండ్ర తగవు నేతగాండ్రయెదుటను మొదట విచారింపబడవలెను, అచ్చట తృప్తి కలుగనిచో పైమెట్టున కెక్కవచ్చును అను ఈ క్రమమునందు, వృత్తి మర్మము తెలిసినవాడే వృత్తివివాదమును చక్కగా తీర్పగలడను ప్రాచీనుల వివేకము వెల్లడియగుచున్నది. ఆ స్మృతిపై విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెనుగుపద్యములలోనికి తెచ్చి 'విజ్ఞానేశ్వరీయము' రచించుటచేత, తెనుగువారికి వ్యవహారధర్మము తమ భాషలోనే చదువుకొను భాగ్యము ఏడువందల యేండ్ల క్రిందటనే కలిగినది. ఆంగ్లేయుల కాలమున, 1816లో, థామస్ మన్రో ప్రేరణచేత మద్రాసు ప్రభుత్వము గ్రామమునసబులకును గ్రామపంచాయతులకును చిన్న వ్యాజ్యములు తీర్చు అధికారమొసగుచు రెగ్యులేషనులు చేసినది గాని, పల్లెలలో అలిఖితముగా నడచుచుండినదానిని కాగితమున కెక్కించినంతమాత్రమున దానికి క్రొత్త ప్రాణము రాలేదు. ఆ పంచాయతులు అనతికాలముననే నామమాత్రములైనవి.

తరువాత వచ్చిన ఆర్బిట్రేషన్ చట్టముల చరిత్రను దీర్ఘముగా చెప్పిన చదువరికి విసుగు పుట్టును. 1899 నాటి చట్టము ముఖ్యముగా రాజధానీనగరములకు పరిమితమైనది. 1940 నాటి చట్టము దేశమునకంతటికిని వర్తించినను, తీర్పరిని నియమించుటకు కోర్టు, గడువు పెంచుటకు కోర్టు, తీర్పును డిక్రీగా మార్చుటకు కోర్టు అని అడుగడుగునను కక్షిదారులచేత కోర్టుమెట్లే యెక్కించినది. అది నడచిన తీరునకు న్యాయవాదులు నవ్వుకొనిరనియు, న్యాయతత్త్వజ్ఞులు కంట తడిపెట్టిరనియు 1981లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి డి.ఎ. దేశాయి ఒక తీర్పునందు ఎత్తిపొడిచెను. ఐక్యరాజ్యసమితి వాణిజ్యన్యాయసంఘము 1985లో రూపొందించిన మాదిరిని అనుసరించి మనదేశము 1996లో చేసికొన్న చట్టమే, పలుమారులు సవరింపబడి, నేటికిని నడచుచున్నది.

గుంటూరు మిరపయార్డు ఎరిగినవారికి ఈ మార్గము ఎందులకు పుట్టినదో వేరుగ చెప్పనక్కరలేదు. అచ్చటి వ్యాపారి యొకడు తేజరకపు కాయలు ఐదువందల టిక్కీలు, అనగా బస్తాలు, చెన్నపట్టణములోని ఎగుమతిదారునకు లారీలలో పంపెననుకొందము. సరకు దిగిన మూడవనాడు, కాయలో తేమ హెచ్చుగా నున్నదనియు, అడుగున తాలు కలిసినదనియు, కనుక సగము ధరయే యిత్తుననియు కబురు వచ్చినది. నా యంగడి విడచునప్పుడు కాయ గలగలలాడుచుండెనని యితడును, నీవు వానలో నానబెట్టి తెచ్చితివని యతడును భీష్మించుకొనిరి. దీనిని కోర్టునకు తీసికొనిపోయినచో ఏమగును? దావా వేయుటకు కొన్ని నెలలు, ప్రతివాది జవాబు దాఖలు చేయుటకు మరికొన్ని నెలలు, సాక్షుల విచారణకు వంతు వచ్చుటకు కొన్నియేండ్లు గడచును; ఆనాటికి కాయ పొడియై, పొడి కూరయై, కూర తిన్నవాడు దానిని మరచిపోయియుండును. న్యాయాధిపతి యెంతటి విద్వాంసుడైనను, ఆయన యెదుటనుండునది కాయ కాదు, కాయను గూర్చిన కాగితము.

అదే పనికి ముప్పదియేండ్లు యార్డులో కమీషను వ్యాపారము చేసిన పెద్దమనుష్యు నొకనిని ఇరువురును ఒప్పుకొన్నచో, అతడు గిడ్డంగికి స్వయముగా పోయి, పైనున్న టిక్కీని పక్కకు నెట్టించి నడుమనున్నదానిని విప్పించి, మోచేతివరకు చేయి దూర్చి అడుగునుండి గుప్పెడు కాయలు తీయును. ఒక కాయను చెవియొద్ద ఆడించి గింజల చప్పుడు వినును. తొడిమ త్రుంచి, తొక్కను వేళ్లమధ్య నలిపి, వాసన చూచును. తడిసి ఆరిన కాయకును, ఆరకయే తడిగా వచ్చిన కాయకును గల భేదమును చూపుతోనే పట్టును. ఆ సాయంకాలమునకు, టిక్కీకింత తగ్గించుకొనుడని ఒక మాట చెప్పును. లండనులోని గాఫ్టా యను ధాన్యవ్యాపారసంఘము ఆధ్వర్యమున గోధుమ, మొక్కజొన్నల నాణ్యమునుగూర్చిన తగవులు కూడ, వ్యాపారమున తలలు నెరసినవారు నమూనాను కంట జూచి ముక్కున వాసనచూచి చెప్పు మాటపై తెగుచుండుట కలదు. మన చట్టమును దీనికి అడ్డుపడదు: తీర్పరికి సివిలు ప్రొసీజరు కోడుగాని సాక్ష్యచట్టముగాని బంధనము కాదనియు, ఆ వర్తకమునందలి వాడుకను అతడు గణనకు తీసికొనవలెననియు అది చెప్పుచున్నది.

సరకు బదులు వంతెనయో, విద్యుత్కేంద్రమో, సాఫ్ట్‌వేరో వివాదమునకు విషయమైనప్పుడు కథ యింత సులువుగా ముగియదు. నోటీసు ఇచ్చుటతో వ్యవహారము ఆరంభమగును. ఇరుపక్షములవారును తమ వాదములను వ్రాతమూలమున ఆరునెలలలో ముగించుకొనవలెను. అటుపై పండ్రెండునెలలలో తీర్పు రావలెను. ఇరువురును ఒప్పుకొన్నచో ఇంకొక యారునెలలు. ఆపైన గడువు కావలెనన్న కోర్టునడుగవలెను. ఇవి 2015, 2019 సంవత్సరముల సవరణలు దేశీయవివాదములకు విధించిన హద్దులు. విచారణ జరుగు గదిలో బోను ఉండదు, బంట్రోతు కేకలుండవు, సాక్షి బల్లకావల కుర్చీలో కూర్చుండి, ఎదుట మంచినీళ్ల గ్లాసు పెట్టుకొని, అడ్డుప్రశ్నలకు బదులు చెప్పును, బయటివారికి ప్రవేశముండదు, జరిగినదానిని రహస్యముగా నుంచవలెనని చట్టమే శాసించును. తమ వ్యాపారరహస్యములు పత్రికల కెక్కుట యిష్టములేని సంస్థలకు ఇది గొప్ప ఆకర్షణము.

అయితే ఒక మాట దాచక చెప్పవలసియున్నది. మనదేశమున తీర్పరులలో విశ్రాంత న్యాయమూర్తులు హెచ్చుగా నుండుటచేత, కోర్టును తప్పించుకొని వచ్చినవారివెంట కోర్టు తానుకూడ నడచివచ్చి ఆ గదిలో కూర్చుండుచున్నది. అవే వాయిదాలు, అవే దస్త్రముల మోపులు, అవే ఆక్షేపణలు. భేదమెల్ల న్యాయాధిపతి జీతమును ప్రభుత్వమునకు మారుగా కక్షిదారులు చెల్లించుటయే. చట్టమునకు అనుబంధమైన నాలుగవ షెడ్యూలు ఒక నమూనా పట్టిక నిచ్చినది: వివాదపు మొత్తము ఐదులక్షల రూపాయలలోపైనచో తీర్పరి రుసుము 45,000 రూపాయలు, తీర్పరి యొక్కడే యైనచో దానిపై నూటికి ఇరువదియైదు చొప్పున అదనము, అనగా 56,250 రూపాయలు. ముగ్గురను కూర్చుండబెట్టినచో ఆ రుసుము మూడింతలగును. నాలుగులక్షల బాకీకై లక్షకు మించిన రుసుము, దానిపై వకీళ్ల ఫీజు పెట్టుట ఏ లెక్కప్రకారము లాభమో వ్యాపారియే చెప్పవలెను. చిన్న తగవునకు ముగ్గురు తీర్పరులను కోరెడి షరతు, ఆ పత్రము వ్రాసినవాడు దానిని మరియొక పెద్దపత్రమునుండి కళ్లు మూసికొని ఎత్తివ్రాసెననుటకు నిదర్శనము.

వరణము బూటకమైనచోట కీడు పుట్టునంటిని గదా. ఖమ్మములో ఒకడు అప్పుచేసి లారీ కొనును. అప్పిచ్చిన సంస్థ అచ్చువేయించిన పత్రములపై, ఏజెంటు వ్రేలు చూపినచోటనెల్ల, ఇరువదియో ముప్పదియో సంతకములు పెట్టును. కిరాయిలు పడిపోయి నాలుగు కిస్తీలు తప్పగనే, వినని ఊరినుండి, ఎరుగని తీర్పరి పేర, ఆంగ్లములో ఒక నోటీసు వచ్చును: ఫలానితేదీన చెన్నపట్టణమున హాజరు కావలెనని. చెన్నపట్టణమునకు పోయివచ్చుటకు ఒక కిస్తీలో సగమగును. పోకున్నచో ఏకపక్షముగా తీర్పు. ఆ తీర్పు డిక్రీతో సమానమగుటచేత దానివెంట అమలు దరఖాస్తు. ఆ తీర్పరిని నియమించినది అప్పిచ్చినవాడే. ఇట్టి వ్యవహారములు వందలకొలదిగా అదే తీర్పరికి అప్పగించువాడును అతడే. దీనికి ఆర్బిట్రేషన్ అను పేరు గలదు గాని అందలి సారము లేదు. ఇరువురు వరించినవాడు గాక ఒకరు పెట్టినవాడే తీర్పరియైనచో అది ఋణదాత తన చేతితో తానే వ్రాసికొన్న తీర్పు.

ఈ దోషమును పెకలించుటకు శాసనకర్తలును న్యాయమూర్తులును కొంత శ్రమపడిరి. ఒక పక్షముతో ఉద్యోగసంబంధము, వ్యాపారసంబంధము మొదలగునవి గలవారు తీర్పరులుగా నుండరాదని 2015 నాటి సవరణ శాసించినది. ఫలితముపై స్వార్థముగల వ్యక్తి తాను తీర్పరిగా నుండరాదనుటయే కాదు, ఏకైక తీర్పరిని తానే నియమింపనురాదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ వ్యవహారమున నిర్ణయించినది. ప్రభుత్వరంగసంస్థలు తాము సిద్ధపరచిన జాబితానుండియే తీర్పరిని ఎన్నుకొనవలెనని కంట్రాక్టరును నిర్బంధించుట సమానత్వమునకు విరుద్ధమని 2024 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగధర్మాసనము రైల్వే విద్యుదీకరణ సంస్థకు సంబంధించిన వ్యాజ్యమున చెప్పినది. అట్టి నోటీసు అందుకొన్నవారు బెదరి ఊరకుండక, ఈ తీర్పరి నియామకమునకు మేము సమ్మతింపలేదని వెంటనే లిఖితపూర్వకముగా తెలియజేయుట అవసరము.

కోర్టు వెలుపలి మార్గమని పేరేగాని, ఈ మార్గమునకు ఆద్యంతములందు కోర్టు కావలికాయుచునే యుండును. దేశీయవివాదములలో తీర్పరి నియామకమున పేచీ వచ్చినచో హైకోర్టునే యడుగవలెను. సరకు అమ్ముకొనిపోకుండ మధ్యంతరముగా ఆపుటకును కోర్టునకు పోవచ్చును. తీర్పు చెప్పినపిదప ఓడినవాడు మూడునెలలలో, తగిన హేతువు చూపినచో ఇంకొక ముప్పది దినములలో, 34వ విభాగముక్రింద దానిని కొట్టివేయుమని కోరవచ్చును. తీర్పరి సాక్ష్యమును తప్పుగా తూచెనన్నంతమాత్రమున కోర్టు తీర్పును కదలింపదు. నోటీసియ్యకపోవుట, అధికారపరిధి దాటుట, ప్రజానీతికి భంగము కలుగుట వంటి కొలది కారణములు మాత్రమే చెల్లును. కాని ఓడిన ప్రతివాడును తన వ్యవహారము ఆ కొలదికారణములలోనిదే యని నమ్మును. నమ్మనివానిని వకీలు నమ్మించును.

ఇందులకు మన తీరముననే యొక పెద్ద దృష్టాంతము కలదు. కాకినాడ కెదురుగా సముద్రగర్భమున ఓఎన్‌జీసీ క్షేత్రములును రిలయన్స్ క్షేత్రమును ప్రక్కప్రక్కన నున్నవి. పైన పటముమీద గీసిన సరిహద్దులు క్రింద శిలారంధ్రములలో సంచరించు వాయువునకు తెలియవు గనుక, తన భాగమునందలి వాయువు పొరుగువారి బావులలోనికి తరలిపోయినదని ఓఎన్‌జీసీ 2013లో ఫిర్యాదు చేసినది. నిపుణులు నివేదిక లిచ్చిరి, జస్టిస్ ఎ.పి. షా కమిటీ విచారించినది. 2016 నవంబరులో కేంద్రప్రభుత్వము, రిలయన్సును దాని భాగస్వాములును దాదాపు 155 కోట్ల డాలర్లు చెల్లింపవలెనని తాఖీదు పంపినది. ఒప్పందములోని షరతు ప్రకారము వివాదము సింగపూరు న్యాయవేత్త లారెన్స్ బూ అధ్యక్షతన ముగ్గురు తీర్పరుల యెదుటికి పోగా, 2018 జూలైలో ఇద్దరు రిలయన్స్ పక్షముననే చెప్పిరి, మూడవవారు విభేదించిరి. 2023 మేలో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనము ఆ తీర్పును నిలిపినది. 2025 ఫిబ్రవరిలో అదే హైకోర్టు ద్విసభ్య ధర్మాసనము దానిని కొట్టివేసినది. ఢిల్లీ విమానాశ్రయపు మెట్రోమార్గము వ్యవహారము ఇంతకంటె విచిత్రము: 2017లో 2,782 కోట్ల రూపాయల పైచిలుకు మొత్తమునకు తీర్పు వచ్చి, హైకోర్టులో ఒకసారి నిలిచి, మరియొకసారి కూలి, 2021లో సుప్రీంకోర్టున మరల లేచి, 2024 ఏప్రిలులో అదే సుప్రీంకోర్టు క్యూరేటివ్ పిటిషనుపై తుదకు నేలకూలినది.

ఇట్టివానిని చూచి, ఈ మార్గమే వ్యర్థమని తలయూచువారు కలరు. నా మట్టుకు వారితో సగమే యేకీభవింతును. సముద్రగర్భమందలి వాయువు, ప్రజలు ప్రయాణించు రైలు ఇద్దరు వర్తకుల సొత్తు కావు. ప్రజల సొమ్ము చేతులు మారునప్పుడు, తలుపులు మూసికొన్న గదిలో ముగ్గురు చెప్పిన మాటను కోర్టు బహిరంగముగా తరచిచూచుట నాకు అపచారముగా తోచదు. మిరపకాయల వ్యాపారుల విషయమున అట్టి పరీక్ష అనవసరము. వారికి కావలసినది తీర్పు తప్పో ఒప్పో అనుటకంటె ముందుగా తగవు తెగుట. ఈ రెండు జాతుల వివాదములకును ఒకే చట్టము, ఒకే షరతు, ఒకే విధానము వర్తింపజేయుటయందే చిక్కున్నది. కేంద్ర ఆర్థికశాఖ 2024 జూన్‌లో జారీచేసిన మార్గదర్శకములలో, ప్రభుత్వపు కంట్రాక్టులందు పదికోట్ల రూపాయలకు మించిన వివాదములకు ఆర్బిట్రేషన్ షరతును మామూలుగా చేర్చవలదనియు, రాజీమార్గమును వాడుకొనుడనియు సలహా యిచ్చినది. దేశములోకెల్ల పెద్ద కక్షిదారుడైన ప్రభుత్వమే, ఒకచేత ఆర్బిట్రేషన్ కేంద్రములను ప్రోత్సహించుచు, రెండవచేత తాను దానినుండి తప్పుకొనుచున్నదన్నమాట.

రాజీమార్గము ఇంతకంటె శాంతమైనది. దానినిగూర్చి మనవారికి తెలిసినది తక్కువ. మిర్యాలగూడలో ధాన్యపుమిల్లు నడపు బావ, బావమరదులను ఊహింతము. మామగారు పెట్టిన మిల్లు. ఆయన పోయిన పదియేండ్లకు ఊక అమ్మకపు లెక్కలలో తేడా వచ్చి, ఇరువురును వకీళ్లను పెట్టుకొనిరి. మీడియేటరు మొదట ఇరువురను ఒకచోట కూర్చుండబెట్టి వినును; పిమ్మట ఒక్కొక్కరిని వేరుగదిలోనికి పిలిచి మాటలాడును. అచ్చట చెప్పినది వారి యనుమతి లేక ఆవలిగదికి చేరదు. రాజీ కుదురకున్నచో రేపు కోర్టులో సాక్ష్యముగాను పనికిరాదు. ఆ ధైర్యముచేత మనుష్యుడు లోపలి మాట బయటపెట్టును. రెండుగంటలసేపు ఊకలెక్కలే చెప్పిన బావమరది, మూడవగంటలో అందరును కలసి కూర్చున్నప్పుడు, "లెక్కలదేమున్నది బావా, బోర్డు మీదికెల్లి నాయిన పేరు తీసేటప్పుడు నన్నొక్క మాట అడిగినవా?" అనును. తగవు ఊకలో లేదు, బోర్డుమీద నున్నది. ఏ కోర్టును, ఏ తీర్పరియు లెక్క తేల్చి పైకము ఇప్పింపగలరు గాని, ఆ పేరు మరల వ్రాయింపుమను డిక్రీ ఇయ్యజాలరు. అసలు దావాలో ఆ కోరికయే యుండదు. రాజీపత్రములో మాత్రము, ఇన్ని లక్షలు ఇన్ని వాయిదాలలో అను పంక్తుల క్రింద, ఫలాని పండుగలోపల మిల్లుపేరు మునుపటివలె మార్చబడును అని యొక పంక్తి చేర్చుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు.

చట్టము ఇటీవల ఈవైపునకు గట్టిగా మొగ్గినది. మూడులక్షల రూపాయలకు తక్కువగాని వాణిజ్యవివాదములలో, తక్షణోపశమనము కోరినప్పుడు తప్ప, ముందుగా మీడియేషనుకు పోయిగాని దావా వేయరాదని వాణిజ్యకోర్టుల చట్టమునకు 2018లో చేర్చిన 12ఎ విభాగము చెప్పగా, అది తప్పనిసరియనియు, అట్లు పోకుండ వేసిన దావాను త్రోసిపుచ్చవలెననియు సుప్రీంకోర్టు 2022లో తేల్చినది. ఆచరణలో పిలుపందుకొన్న ఎదుటిపక్షము రాకపోవుటయు, రాలేదని కాగితము పుచ్చుకొని వాది కోర్టునకు పోవుటయు తరచుగా జరుగుచున్నవి. గుఱ్ఱమును చెరువుదాక తోలుట చట్టము చేయగలదు. 2023లో పార్లమెంటు మీడియేషనుకు ప్రత్యేకముగా ఒక చట్టము చేసి, నూటయిరువది దినముల గడువును, అవసరమైన ఇంకొక యరువదిని నిర్దేశించినది. అందలి విభాగములలో కొన్నిటిని మాత్రమే మొదట అమలులోనికి తెచ్చిరి. హైదరాబాదున అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రమును 2021 డిసెంబరు 18న ప్రారంభించినవారు, కృష్ణాజిల్లా పొన్నవరమున జన్మించి అప్పటికి దేశపు ప్రధానన్యాయమూర్తిగా నుండిన జస్టిస్ ఎన్.వి. రమణ.

రాజీయనగానే మన పట్టణములలో కొందరి మనస్సులకు వేరొక దృశ్యము తోచును. బాకీ వసూలునకో, స్థలపు తగవునకో, పలుకుబడిగల నాయకుని యింటివద్దనో, పోలీసుఠాణాలో యస్సైగారి బల్లముందరనో కూర్చుండబెట్టి, భయపెట్టి సంతకము చేయించుకొనుటను 'సెటిల్మెంటు' అనుచున్నారు. సివిలు వివాదములలో పోలీసులు తలదూర్చరాదని కోర్టులు ఎన్నిమారులు మందలించినను ఈ వాడుక చావలేదు. చావకుండుటకు కారణము కోర్టుల యాలస్యమే యని యొప్పుకొనక తీరదు. పదియేండ్లు తిరుగలేనివాడు పదిదినములలో తేల్చెడి దౌర్జన్యమును ఆశ్రయించును. అట్లు ఆశ్రయించినవాడు మరునాడు అంతకంటె పెద్ద దౌర్జన్యమునకు లోబడును. ఈ వ్యాసమున చెప్పబడుచున్న మార్గమునకును దానికిని పోలికయే లేదు. ఒకచోట సంతకము చేయకుండ లేచిపోవు స్వేచ్ఛ కలదు, రెండవచోట లేదు.

చిన్నవారికై చట్టము ఏర్పరచిన దారులు మరికొన్ని కలవు. వీనిని తెలియక నష్టపోవువారు అనేకులు. బాలానగరులోనో విజయవాడ ఆటోనగరులోనో విడిభాగములు తయారుచేసి పెద్దసంస్థకు సరఫరాచేయు చిన్నపరిశ్రమకు, 2006 నాటి చట్టముప్రకారము, ఎట్టి యొప్పందమున్నను నలువదియైదు దినములలో పైకము ముట్టవలెను. ముట్టనిచో రిజర్వుబ్యాంకు ప్రకటించు బ్యాంకురేటునకు మూడింతల వడ్డీ, నెలనెలకు చక్రవడ్డీగా, నడచును. వివాదము ఫెసిలిటేషన్ కౌన్సిలు యెదుటికి పోవును. మొదట రాజీ, కుదురకున్న తీర్పు. ఆ తీర్పును కోర్టులో సవాలుచేయగోరు కొనుగోలుదారు దానిలో నూటికి డెబ్బదియైదువంతులు ముందుగా జమకట్టవలెను. ఈ కడపటి నియమము చాలమంది పెద్దవారి పంతమును సడలించునట్టిది. చిట్‌ఫండు తగవులు 1982 నాటి చట్టమునుబట్టి రిజిస్ట్రారు యెదుటనే తీరవలెను గాని సివిలుకోర్టునకు పోవు. చిల్లర బాకీలకు లోక్ అదాలతు కలదు: రుసుము లేదు, అంతకుముందు కోర్టులో కట్టిన ఫీజుకూడ తిరిగివచ్చును, అచ్చట కుదిరిన రాజీపై అప్పీలు లేదు.

ఇక ఆ నాలుగు పంక్తులను వ్రాయుటయెట్లను ప్రశ్న మిగిలినది. ఉభయులు అంగీకరించినచో ఆర్బిట్రేషనునకు పోవచ్చును అని వ్రాసిన పంక్తి వ్రాయనిదానితో సమానము. తగవు పుట్టిననాడు ఉభయులు అంగీకరించుట కల్ల. కనుక పోవలెను అనియే వ్రాయవలెను. తీర్పరుల సంఖ్య సరిసంఖ్య కారాదు. సంఖ్య చెప్పకున్నచో చట్టము ఒక్కరినే యనుకొనును, అది చిన్నవ్యాపారికి మేలే. తీర్పరిని ఏ ఒక్క పక్షమును తానుగా నియమింపకుండ, ఇరువురి సమ్మతిచే గాని, ఏదైన సంస్థచే గాని నియమింపబడునట్లు చూచుకొనవలెను. స్థానము ఏ యూరో వ్రాయవలెను. ఆ యూరి కోర్టులే పిదప ఆ తీర్పును పరీక్షించును గనుక, గుంటూరు వ్యాపారి ముంబయి యని అచ్చువేసినచోట సంతకము పెట్టుటకు ముందు రైలుచార్జీ లెక్కవేసికొనవలెను.

చివరది భాష. విచారణ ఏ భాషలో జరుగవలెనో కక్షిదారులే నిర్ణయించుకొనవచ్చునని చట్టములోని 22వ విభాగము చెప్పుచున్నది. అయినను మనవారు తెనుగులో వ్రాసిన చిట్టాఆవర్జాలను, తెనుగులో నడచిన వాట్సాప్ సంభాషణలను, పుటకింతయని రుసుమిచ్చి ఆంగ్లములోనికి మార్పించి, తెనుగువాడైన తీర్పరి యెదుట, తెనుగువారైన వకీళ్లచేత, ఆంగ్లమున వాదింపజేసికొనుచున్నారు. విచారణ తెనుగున జరుగును, తీర్పు తెనుగున వ్రాయబడును అని ఒక్క వాక్యము చేర్చినచో అది చట్టప్రకారము చెల్లును. పిదప కోర్టునకు పోవలసివచ్చినప్పుడు మాత్రము ఆ యొక్క తీర్పునకు అనువాదము చేయించిన సరిపోవును.